పెరటి కోళ్ల గుడ్డు బాగుందా, చెడిందా? వరుసగా తేల్చుకునే పద్ధతి

గిన్నెడు నీళ్లలో వేస్తే గుడ్డు బుడుంగున అడుక్కి పోయింది. బాగుందనుకుని పెనం అంచున కొడితే లోపల సన్నటి ఎర్రటి నరాలు, చుట్టూ నెత్తుటి గీత. ఒడిశాలో పర్లాకిమిడి నుంచి గుణుపురం మీదుగా రాయగడ దాకా, పెరట్లో నాలుగు పెట్టలూ ఒక పుంజూ ఉన్న ఇళ్లలో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే: "మునిగిన గుడ్డు ఎలా చెడింది?"

గుడ్డులోంచి ఎంత తడి ఆవిరైపోయిందో నీళ్ల పరీక్ష చెబుతుంది. అంతవరకే. ఆ గుడ్డు నాలుగు రోజులు పెట్ట కింద ఉందా, రేకుల ఇంటి వేడికి లోపల పిండం మొదలైందా, పెంకు మీది రెట్టలోంచి క్రిములు లోపలికి దిగాయా అన్నవి నీళ్లకు తెలియవు. అందుకే ఒక్క పరీక్షను నమ్ముకోకుండా నాలుగింటిని ఒక వరుసలో చేయాలి: ముందు కన్నూ ముక్కూ, తర్వాత టార్చి వెలుగు, ఆ తర్వాత నీళ్లు, చివరికి విడి గిన్నెలో కొట్టి చూడటం. ఈ వరుస తారుమారు చేయొద్దు. గుడ్డు తడిస్తే పెంకు మీది సహజమైన పై పొర పోతుంది, ఆ గుడ్డు ఇక నిలవకు పనికిరాదు. వండబోయే ముందు తప్ప గుడ్డును నీళ్లలో వేయకూడదు.

1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- మెత్తటి పెన్సిలు. స్కెచ్ పెన్ను, బాల్ పెన్ను వద్దు. సిరా పెంకు రంధ్రాల్లోంచి లోపలికి దిగొచ్చు.
- సెల్‌ఫోన్ టార్చి, లేదా చిన్న ఎల్ఈడీ టార్చి.
- దళసరి అట్టముక్క. మధ్యలో 25 మి.మీ. బెజ్జం. నాటుకోడి గుడ్డు చిన్నది కాబట్టి అంతకన్నా పెద్ద బెజ్జం పెడితే పక్కల నుంచి వెలుగు కారి కళ్లలో పడుతుంది.
- మి.మీ. గీతలున్న స్కేలు.
- లోతైన గిన్నె లేదా గాజు జాడీ. గుడ్డు మునిగాక పైన నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లుండాలి.
- గుడ్డు కొట్టడానికి ఒక చిన్న గిన్నె, ఒక చదునైన పళ్లెం.
- 100 గ్రాముల ఉప్పు. ఇది అవసరమైతేనే.

2. గూటి దగ్గరే సగం పని

గుడ్డు వయసు తెలియనప్పుడే పరీక్షలు కావాలి. వయసు తెలిసేలా చేసుకుంటే చాలా గుడ్లకు ఏ పరీక్షా అక్కర్లేదు. అయినా చాలా ఇళ్లలో దీన్నే వదిలేస్తారు.

ఏరిన వెంటనే మొద్దు కొన మీద పెన్సిలుతో తేదీ రాయండి. "12/5" అంటే చాలు. తర్వాత సన్న కొన కిందికి ఉండేలా గుడ్ల అట్టలో నిలబెట్టండి.

ఎండాకాలంలో రోజుకు రెండుసార్లు ఏరాలి: ఒకసారి ఉదయం పదకొండు లోపు, ఇంకోసారి మధ్యాహ్నం మూడింటికి. ఎక్కువ పెట్టలు మధ్యాహ్నానికి ముందే పెట్టేస్తాయి. మిగిలినవి ఆలస్యంగా పెడతాయి. మధ్యాహ్నం ఎండకు కాలిన గూట్లో ఆ గుడ్డును సాయంత్రం దాకా వదిలేయడం మంచిది కాదు. చలికాలంలో ఒక్కసారి చాలు.

పొదుగుకొచ్చిన పెట్ట ఉంటే జాగ్రత్త ఇంకా పెంచాలి. నాటు పెట్ట పది పదిహేను గుడ్లు పెట్టి గూట్లో కూర్చుంటుంది. అక్కడితో ఆగదు, మిగతా పెట్టలు కూడా వచ్చి దాని కిందే పెడతాయి. వారం తిరిగేసరికి పొదిగే గుడ్లూ కొత్త గుడ్లూ కలిసిపోతాయి. దీనికి తేలికైన ఉపాయం ఒకటుంది. పొదగేసిన ప్రతి గుడ్డు చుట్టూ, నడుము మీద వడ్డాణంలా, పెన్సిలుతో పూర్తిగా ఒక గీత గీయండి. గుడ్డు ఎటు తిరిగినా గీత కనబడుతుంది. రోజూ సాయంత్రం గీత లేని గుడ్డు కనిపిస్తే తీసేయండి, అది ఆ రోజుదే.

వరిగడ్డి కుప్ప వెనకో, కంచె మొదట్లోనో దొంగ గూడు బయటపడితే, అందులోని గుడ్లన్నిటినీ "వయసు తెలియనివి" అనే లెక్కించండి. పైది కొత్తగా కనిపించినా సరే, అడుగునవి ఎన్నాళ్లవో ఎవరికీ తెలియదు. వాటికి కింది నాలుగు మెట్లూ పూర్తిగా జరగాలి.

3. మొదటి మెట్టు: పెంకు చూడటం, వాసన పట్టడం

పగటి వెలుగులో గుడ్డును చేతిలో తిప్పి చూడండి.

- జుట్టు మందం పగులు ఉందా? రెండు గుడ్లను మెల్లగా తాకించండి. రెండూ మంచివైతే టంగుమని గట్టిగా పలుకుతాయి. ఒకటి పగిలితే శబ్దం మొద్దుబారుతుంది.
- పెంకు మీద జిగట, చెమ్మ, బూజు చుక్కలు ఉన్నాయా? ఉంటే అక్కడితో ఆపేయండి, పారేయాలి.
- పెంకు అతి నున్నగా మెరుస్తోందా? పెట్ట కింద చాలా రోజులున్న గుడ్డు ఈకల రాపిడికి అలా అవుతుంది. కేవలం మెరుపు చూసి పారేయకండి, టార్చి దగ్గరికి పంపండి.
- ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్లు వాసన వస్తోందా? వస్తే ఇంట్లో పగలగొట్టొద్దు. లోపల గ్యాసు నిండిన గుడ్డు చేతిలోనే టప్పున పగులుతుంది.

ఒక్కోసారి వాసన వస్తుంది కానీ అది కుళ్లుది కాదు. ఎండు చేపల బుట్ట, కిరసనాయిలు డబ్బా పక్కన పెట్టిన గుడ్డు ఆ వాసనను పెంకు రంధ్రాల్లోంచి పీల్చుకుంటుంది. ఎండు చేప వాసనైతే తినడానికి ప్రమాదం ఉండదు కానీ అట్టు వేస్తే ఆ వాసనే కొడుతుంది. గుడ్లనూ ఎండు చేపలనూ ఒకే అటక మీద పెట్టకండి.

చెవి దగ్గర గుడ్డును ఊపి "లొటలొట" వింటారు కొందరు. పాత గుడ్డులో తెల్లసొన పల్చబడి, గాలి గది పెరిగి ఆ శబ్దం వస్తుందన్నది నిజమే. కానీ గట్టిగా ఊపితే మంచి గుడ్డులోని పొరలు కూడా తెగుతాయి, పొదగేయాలనుకున్న గుడ్డయితే పాడే అవుతుంది. టార్చి చేతిలో ఉండగా ఈ పని అవసరం లేదు.

4. రెండో మెట్టు: టార్చి వెలుగులో చూడటం

నాలుగింటిలో ఎక్కువ చెప్పేది ఇదే. ఒక్కటే పరీక్ష చేసే ఓపిక ఉందంటే దీన్నే చేయండి.

ముందు లోపలేం జరుగుతుందో తెలియాలి. కోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీలు. గుడ్డు బయటికొచ్చి చల్లారేకొద్దీ లోపలి సరుకు కుంచించుకుంటుంది. అప్పుడు మొద్దు కొనలో, పెంకు లోపలి రెండు పొరల మధ్య కాస్త ఖాళీ ఏర్పడుతుంది. దాన్నే గాలి గది అంటారు. తర్వాత రోజూ పెంకులోని వేల సన్న రంధ్రాల గుండా తడి బయటికి పోతుంది, గది పెరుగుతుంది. మరోపక్క బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) కూడా తప్పించుకుంటుంది. దాంతో జిగురుగా ఉన్న తెల్లసొన నీళ్లబారుతుంది, పచ్చసొన చుట్టూ ఉన్న పొర వదులవుతుంది.

చేసే విధానం:

1. గది తలుపులు వేసి పూర్తిగా చీకటి చేయండి, లేదా రాత్రి దీపాలార్పి చూడండి. మసక వెలుగులో ఏమీ తేలదు.
2. టార్చి మీద అట్టముక్క పెట్టి, బెజ్జం మీద మొద్దు కొన ఆనించి, గుడ్డును కాస్త వాలుగా పట్టుకోండి.
3. మొద్దు కొనలో టోపీలా మెరిసే భాగం గాలి గది. దాని అంచు వెంట పెన్సిలుతో గీత గీయండి.
4. దీపం వేసి, కొన కొస నుంచి గీత దాకా ఎత్తును స్కేలుతో నిలువుగా కొలవండి. పెంకు వంపు వెంట కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది.
5. మళ్లీ చీకట్లో గుడ్డును చటుక్కున పావు చుట్టు తిప్పి పచ్చసొన నీడ ఎలా కదులుతుందో గమనించండి.

గాలి గది ఎత్తును బట్టి:

- 3 మి.మీ. లోపు: ఒకటి రెండు రోజులది, లేదా పెట్టిన వెంటనే ఫ్రిజ్‌లోకి చేరింది.
- 3 నుంచి 6 మి.మీ.: బాగుంది, దేనికైనా వాడొచ్చు. యూరప్‌లో అమ్మే మొదటి తరగతి గుడ్డుకు గరిష్ఠ హద్దు ఈ 6 మి.మీ.లే.
- 6 నుంచి 9 మి.మీ.: పాతబడుతోంది. పూర్తిగా ఉడికించో, బాగా వేయించో వాడండి. సగం ఉడికిన గుడ్డుకు వద్దు.
- 9 మి.మీ. దాటితే: తేదీ తెలిసిన గుడ్డయితేనే విడి గిన్నె దాకా తీసుకెళ్లండి. దొంగ గూటిదైతే పారేయండి.

ఇక నీడ సంగతి. తాజా గుడ్డును తిప్పితే పచ్చసొన మసకగా, అంచు తెలియకుండా, బద్ధకంగా కదులుతుంది. చిక్కటి తెల్లసొన దాన్ని నడిమధ్యన పట్టి ఉంచుతుంది. పాత గుడ్డులో అదే నీడ చురుగ్గా దొర్లి పెంకు దగ్గరికి వచ్చేస్తుంది, అంచు గుండ్రంగా తేటగా కనబడుతుంది. ఒక్కసారి ఇవాళ్టి గుడ్డునూ పదిహేను రోజుల గుడ్డునూ పక్కపక్కన చూస్తే ఈ తేడా కంటికి అలవాటైపోతుంది.

*పిండం మొదలైన గుడ్డు*

పుంజు తిరిగే పెరట్లో ప్రతి గుడ్డులోనూ పిండం మొదలయ్యే అవకాశం ఉంది. చల్లగా ఉన్నంతసేపు, అంటే దాదాపు 20 డిగ్రీల లోపు, అది నిద్రలో ఉన్నట్టే. వేడి పెరిగేకొద్దీ కదలిక మొదలవుతుంది. 37, 38 డిగ్రీలకు పొదుగు వేడి అందినట్టే. ఏప్రిల్, మే నెలల్లో వంశధార లోయలోని రేకుల ఇళ్లలో మధ్యాహ్నం ఎంత ఉడికిపోతామో మనకు తెలుసు. అల్మారాలో పెట్టిన గుడ్డు పెట్ట లేకుండానే పొదుగు మొదలెడుతుంది. రాత్రి చల్లబడితే పిండం చచ్చిపోవచ్చు, ఆ తర్వాత గుడ్డు కుళ్లడం మొదలవుతుంది. ఎండాకాలంలో ఇళ్లలో గుడ్లు చెడటానికి ఇదొక పెద్ద కారణం.

టార్చిలో ఇలా కనబడుతుంది:

- 3, 4 రోజుల పొదుగు వేడి తగిలితే: మధ్యలో చిన్న ఎర్ర చుక్క, దాని నుంచి నలువైపులా సాలీడు కాళ్లలా నరాలు.
- 5, 6 రోజులకు: నల్లటి కన్ను చుక్క, నరాలు ఇంకా విస్తరించి ఉంటాయి.
- వారం దాటాక: ముదురు ముద్ద, ఒక్కోసారి దానంతటదే కదులుతుంది.
- పిండం చచ్చిపోతే: నరాలు మాయమై ఒక ఎర్రటి వలయం మిగులుతుంది. ఈ గుడ్డు తినొద్దు, తిరిగి పెట్ట కిందా పెట్టొద్దు.
- వెలుగు అసలు దూరనంత నల్లగా ఉండి, లోపల బుడగలు కదులుతుంటే: కుళ్లిపోయింది. కదపకుండా బయటికి తీసుకెళ్లండి.

గ్రామప్రియ లాంటి రకాల ముదురు పెంకు గుడ్లలో ఈ గుర్తులు తేటగా కనబడవు. గదిని ఇంకా చీకటి చేసి, పదునైన టార్చి వాడితే నరాలు తెలుస్తాయి. తెల్లటి పెంకు మీద కుదిరిన ఫోన్ వెలుగు వీటికి చాలకపోవచ్చు.

గాలి గది ఒకచోట నిలవకుండా గుడ్డును తిప్పినప్పుడల్లా పైకి తేలితే, లోపలి పొర తెగిందన్నమాట. జీపులో, బండి మీద ఘాట్ రోడ్డు కుదుపులకు ఇలా అవుతుంది. దాన్ని పాతదనానికి గుర్తుగా తీసుకోకండి. త్వరగా వాడేస్తే సరిపోతుంది.

5. మూడో మెట్టు: నీళ్లలో వేయడం

మామూలు నీళ్లు, గది వేడిలో ఉన్నవి తీసుకోండి. గుడ్డును గరిటెతో అడుగు దాకా దించి వదలండి. పై నుంచి జారవిడిస్తే పగులుతుంది. నీళ్లు కదలడం ఆగాక చూడండి.

- పక్కకు పడుకుని ఉంటే: తాజా.
- అడుగునే ఉండి మొద్దు కొన కాస్త లేచి ఉంటే: కొద్ది రోజులది, బాగుంది.
- అడుగున నిటారుగా నిలబడితే: పాతబడింది. గట్టిగా ఉడికించుకోవడానికి వాడొచ్చు.
- పైకి తేలితే: పెరటి గుడ్డయితే పారేయండి.

తేలిన గుడ్డు తప్పకుండా కుళ్లిందనేమీ లేదు, చాలా ఆరిపోయిందనే దాని అర్థం. ఫ్రిజ్‌లో చాలాకాలం ఉన్న మంచి గుడ్డు కూడా తేలొచ్చు. అయినా తేదీ తెలియని పెరటి గుడ్డును అలా నమ్మడం కన్నా పారేయడమే మేలు.

ఈ పరీక్ష వెనక లెక్క తెలిస్తే ఎక్కడ మోసపోతామో అర్థమవుతుంది. తాజా గుడ్డు అదే పరిమాణం నీళ్లకన్నా దాదాపు 8 శాతం బరువు. 40 గ్రాముల నాటుగుడ్డు తేలాలంటే సుమారు 3 గ్రాముల తడి పోవాలి. పెట్ట కింద ఉన్న గుడ్డు పద్దెనిమిది రోజుల్లో మొత్తం 12 శాతం దాకా తడి కోల్పోతుంది. అంటే పెట్ట కింద పది రోజులున్నా, లోపల పిల్ల సగం తయారైనా, గుడ్డు ఇంకా మునుగుతూనే ఉంటుంది. మొదట్లో చెప్పిన ఫిర్యాదుకు జవాబు ఇదే.

*నీళ్ల పరీక్షకు నమ్మకం తక్కువగా ఉండే సందర్భాలు:*

- జూన్ నడిమి నుంచి అక్టోబరు మొదటి దాకా వానలు. గాల్లో చెమ్మ ఎక్కువ కాబట్టి గుడ్డు నెమ్మదిగా ఆరుతుంది. పాతదైనా మునుగుతుంది.
- నూనె పూసిన గుడ్డు. రంధ్రాలు మూసుకుపోయి తడి పోదు. ఎన్నాళ్లదైనా తాజాలా మునుగుతుంది.
- పల్చటి పెంకు. ముసలి పెట్టలు, సున్నం చాలని పెట్టలు పెట్టే గుడ్డు మొదటి నుంచే తేలిక, పైగా త్వరగా ఆరుతుంది. నాలుగు రోజులకే లేచి నిలబడొచ్చు. దానికి నత్తగుల్ల పొడి, లేదా ఎండబెట్టి నలగ్గొట్టిన గుడ్డు పెంకులు దాణాలో కలపండి.
- కొత్త పెట్టల చిన్న గుడ్లు. బరువుతో పోలిస్తే పెంకు వైశాల్యం ఎక్కువ, అందుకని త్వరగా ఆరతాయి.

*ఉప్పునీళ్లతో ఇంకాస్త నిక్కచ్చిగా*

లీటరు నీళ్లలో 100 గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగించండి. ఇందులోనూ మునిగితే గుడ్డు చాలా తాజా. ఇందులో తేలి మామూలు నీళ్లలో మునిగితే బాగుంది కానీ కొత్తది కాదు. ఉప్పునీళ్లలో తేలిందని మాత్రం పారేయకండి. చాలామంది రెండు పరీక్షలనూ కలిపేసుకుని మంచి గుడ్లు పారబోస్తుంటారు.

తడిసిన గుడ్డును తుడిచి, ఆ పూటే వండేయండి, కుదరకపోతే ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. తిరిగి అట్టలో పెట్టొద్దు.

6. నాలుగో మెట్టు: విడి గిన్నె

పైన మూడూ నెగ్గినా సరే, ప్రతి గుడ్డునూ విడిగా చిన్న గిన్నెలోనే కొట్టండి. అట్ల పిండిలోకో, తొమ్మిది గుడ్లు కొట్టి పెట్టిన పాత్రలోకో నేరుగా కొడితే, పదోది మురిగినదైతే అన్నీ పోతాయి.

ముందు వాసన. చెడిన గుడ్డు వాసన ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ కొన్ని రకాల కుళ్లులో వాసన తక్కువ, అందుకని కంటితో చూడటం మానకండి. చదునైన పళ్లెంలోకి జారిస్తే స్పష్టంగా కనబడుతుంది:

- తాజా: పచ్చసొన గుండ్రంగా బొద్దుగా నిలుస్తుంది. చుట్టూ చిక్కటి తెల్లసొన దిబ్బలా ఉంటుంది, బయట పల్చటిది కొద్దిగా.
- పాతది: పచ్చసొన బల్లపరుపు, తెల్లసొన నీళ్లలా పళ్లెమంతా పారుతుంది. వాసన లేకపోతే గట్టిగా వండుకోవచ్చు.
- పారేయాల్సింది: తెల్లసొనలో గులాబీ రంగు, మెరిసే ఆకుపచ్చ, నలుపు, లేదా సొనల్లో గడ్డలు, పెంకు లోపల బూజు.

7. ఇవి చెడిన గుర్తులు కావు

వీటిని చూసి మంచి గుడ్లు పారేసేవాళ్లు చాలామంది.

*పచ్చసొన మీద ఒక్క నెత్తుటి చుక్క.* గుడ్డు తయారయ్యేటప్పుడు కోడి లోపల చిన్న నరం చిట్లితే పడుతుంది. చెంచాతో తీసేసి వాడండి. నరాలు, వలయం ఉంటేనే అది పిండం.

*తెల్లటి తాడులాంటి ముడి.* పచ్చసొనను మధ్యలో పట్టి ఉంచే తాడు అది. ఎంత స్పష్టంగా ఉంటే గుడ్డు అంత కొత్తది.

*మబ్బుగా ఉన్న తెల్లసొన.* లోపలి వాయువు ఇంకా బయటికి పోలేదన్నమాట. నిన్నమొన్నటి గుడ్డు.

*పచ్చసొన రంగు.* ఆకుకూర, మొక్కజొన్న తిన్న కోడికి ముదురు, నూకలు తిన్నదానికి లేత. తాజాదనంతో సంబంధం లేదు.

*ఉడికిన పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ పొర.* ఎక్కువసేపు ఉడికించడం వల్ల వస్తుంది. మరిగాక పది పన్నెండు నిమిషాలకు దించి చన్నీళ్లలో వేస్తే రాదు.

*పెంకు ఊడకుండా తెల్లసొన పీకుకు రావడం.* గుడ్డు మరీ తాజా అయితేనే ఇలా వస్తుంది. పెళ్లి వంటకో, గుడ్ల పులుసుకో చాలా గుడ్లు వలవాలంటే వారం రోజుల ఫ్రిజ్ గుడ్లు తీసుకోండి. తాజావే ఉంటే చన్నీళ్లలో కాకుండా మరిగే నీళ్లలోకే దించండి, లేదా ఆవిరి మీద ఉడికించండి.

8. ఎన్నాళ్లు ఉంచొచ్చు?

ఒక్క అంకె చెప్పడం కుదరదు. కోరాపుట్ సముద్ర మట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది, గుణుపురం లోయలో ఉంది. ఒకే రోజు పెట్టిన రెండు గుడ్లు ఈ రెండు ఊళ్లలో ఒకేలా ముదరవు. కడగని, పగలని, శుభ్రమైన గుడ్లకు మేం చెప్పే జాగ్రత్త హద్దులివి:

- ఫ్రిజ్‌లో, 4 డిగ్రీల దగ్గర: నాలుగు వారాలు.
- బయట, చలికాలం, చల్లటి గదిలో: పది పన్నెండు రోజులు.
- బయట, వానాకాలం: వారం. బూజు త్వరగా వస్తుంది.
- బయట, ఎండాకాలం, పుంజు లేని గుంపు: నాలుగైదు రోజులు.
- బయట, ఎండాకాలం, పుంజు ఉంటే: రెండు రోజులు. మూడో రోజు టార్చి పట్టకుండా వండొద్దు.

ఫ్రిజ్ లేని ఇంట్లో ఎండాకాలానికి కుండ ఉపాయం బాగా పనిచేస్తుంది. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దింపి, గుడ్లను పొడి గడ్డి మీద పెట్టి, తడి గుడ్డతో మూతి కప్పండి. గాలి ఆడే నీడలో ఉంచి, రోజుకు రెండుసార్లు ఇసుక తడపాలి. ఆ తడి గుడ్లకు తగలకూడదు. వానలు మొదలయ్యాక దీన్ని మానేయండి. గాల్లోనే చెమ్మ ఉన్నప్పుడు ఆవిరి పుట్టదు, చల్లబడదు, బూజు మాత్రం పడుతుంది.

9. కడగడం, ఫ్రిజ్‌లో పెట్టడం

నిలవ ఉంచే గుడ్డును కడగొద్దు. ఎండిన మట్టి, కొద్ది రెట్ట ఉంటే పొడి గుడ్డతోనో కొబ్బరి పీచుతోనో మెల్లగా తుడవండి. రెట్ట బాగా అంటుకున్న గుడ్డును విడిగా పెట్టి, వండేముందు కడిగి, బాగా ఉడికించి వాడండి. ఏరిన చేతులను సబ్బుతో కడగడం మరవొద్దు.

కడగాల్సి వస్తే గుడ్డుకన్నా వేడిగా ఉన్న నీళ్లు వాడాలి, చెయ్యి తట్టుకునే 40, 45 డిగ్రీల వేడి. బావి చన్నీళ్లు పోస్తే లోపలి సరుకు కుంచించుకుని, పెంకు మీది మురికిని రంధ్రాల్లోంచి లోపలికి లాగుతుంది. నానబెట్టొద్దు. కడిగి, తుడిచి, ఆరాక వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, వారంలోపు వాడేయండి.

ఫ్రిజ్‌లో తలుపు అర కన్నా లోపలి అర మంచిది. తలుపు తీసినప్పుడల్లా వేడి మారుతుంది. ఒకసారి ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్డును బయట వదిలేయకండి. బయటి చెమ్మ చల్లటి పెంకు మీద చెమటలా పడుతుంది, ఆ తడిలోంచే క్రిములు దూరతాయి.

10. సంతలో కొనేటప్పుడు

కాశీనగర్, గుణుపురం సంతల్లోకి కొండ ఊళ్ల సవర ఆడవాళ్లు బుట్టల్లో గుడ్లు తెస్తారు. మంచి సరుకే, కానీ సంతకు సంతకు మధ్య వారం ఉంటుంది, అన్నాళ్లుగా పోగేసినవి కావొచ్చు. ఒడియాలో "అండా కెతే దినొర?" అని ఎన్ని రోజులవో మర్యాదగా అడగండి. బుట్ట ఎండలో ఉందా, నీడలో ఉందా చూడండి. ఫోన్ టార్చికి అరచెయ్యి అడ్డం పెట్టి రెండు గుడ్లు పరీక్షించుకోవచ్చు, కానీ పగటి వెలుగులో నరాలు తెలియవు, గాలి గది మటుకే తెలుస్తుంది. ఇంటికి రాగానే అన్నిటినీ చీకట్లో చూసి, కొన్న తేదీ రాయండి. కుదుపుల్లో వచ్చిన గుడ్లను పొదగేయాలనుకుంటే సన్న కొన కిందికి పెట్టి ఒక రోజు కదపకుండా ఉంచాలి.

11. తరచూ జరిగే తప్పులు, సవరణలు

తప్పు: ఏరిన గుడ్లన్నీ నీళ్లలో వేసి, మునిగినవి దాచుకోవడం.
సవరణ: నిలవకు టార్చి, వండేముందు నీళ్లు. ఇప్పటికే తడిపేస్తే ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టి, వారంలో వాడేయండి.

తప్పు: కొత్త గుడ్లను పాతవాటి పైన పేర్చడం. ఎప్పుడూ పైవే వాడతాం, అడుగువి నెల గడుస్తాయి.
సవరణ: కొత్తవి వెనక, పాతవి ముందు. తేదీ కనబడేలా మొద్దు కొన పైకి.

తప్పు: పొదుగులో పిల్ల రాని గుడ్లను "పొల్లుగుడ్లే కదా" అని కూరకు తీసుకోవడం.
సవరణ: ఇరవై ఒక్క రోజులు పెట్ట వేడిలో ఉన్న గుడ్డు తినడానికి పనికిరాదు, పిండం లేకపోయినా సరే. పొదగేసిన ఏడో రోజు రాత్రి టార్చి పట్టి, నరాలు లేనివాటిని తీసేయండి. అవి కూడా కూరకు కాదు. గూట్లో మురిగి పగిలి మిగతా గుడ్లను పాడు చేయకుండా తీస్తున్నాం, అంతే.

తప్పు: పరీక్షలన్నీ నెగ్గిందని పచ్చి గుడ్డు తాగించడం.
సవరణ: సాల్మొనెల్లా (కడుపు జబ్బు తెచ్చే క్రిమి) ఉన్న గుడ్డు రంగూ వాసనా మారదు, మునగాల్సిన చోటే మునుగుతుంది. పసిపిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు, ముసలివాళ్లకు తెల్లసొనా పచ్చసొనా రెండూ గట్టిపడేదాకా ఉడికించే పెట్టాలి. నిన్నటి గుడ్డయినా సరే.

12. చెడిన గుడ్డును ఏం చేయాలి?

పేడకుప్ప మీదకు విసరకండి. కుక్కలు, ముంగిసలు వాసన పట్టి వస్తాయి, గుడ్ల రుచి మరిగి గూట్లోకీ దూరతాయి. కోళ్లకు పచ్చిగా వేయొద్దు, తమ గుడ్లను తామే పొడుచుకు తినే అలవాటు పడుతుంది. మూరెడు లోతు గొయ్యిలో, అరటి చెట్టు మొదటికి కాస్త దూరంగా, పగలగొట్టకుండానే పెట్టి, మట్టి కప్పి తొక్కి, పైన ఒక రాయి పెట్టండి. గుడ్డు గూట్లోనే పగిలితే ఆ గడ్డి అంతా తీసి కాల్చి, గంపను ఎండలో ఒక పూట ఆరబెట్టి, కొత్త వరిగడ్డి పరిచాకే పెట్టలను రానివ్వండి.